పేలని రెండు హోల్స్

2020 మార్చి 21, శనివారం నాటికి నేను జగ్గయ్యపేట దగ్గర ఒక సున్నపురాయి క్వారీలో మైన్స్ ఫోర్‌మన్‌గా పనిచేస్తున్నాను. పదవీ విరమణకు ఇంకా ఐదు నెలలు ఉంది. క్వారీ ఒక సిమెంటు ఫ్యాక్టరీది. ఫ్యాక్టరీ పేరూ, క్వారీని ఆనుకుని ఉన్న ఊరి పేరూ ఇక్కడ రాయను. రాస్తే కొందరికి కోపం వస్తుంది. నాకిప్పుడు తగాదాలు పడే ఓపిక లేదు.

గనిలో అందరికన్నా పైన మేనేజరు ఉంటాడు. ఆయన కింద అసిస్టెంట్ మేనేజరు, ఆ కింద ఫోర్‌మన్, ఫోర్‌మన్ కింద పనివాళ్ళను చూసుకునే మేట్లు, మందు పేల్చే బ్లాస్టర్లు. మేనేజరు గనిని కాగితం మీద నడుపుతాడు, ఫోర్‌మన్ నేల మీద నడుపుతాడు. పని సవ్యంగా జరిగితే పేరు మేనేజరుకు, జరక్కపోతే సంజాయిషీ ఫోర్‌మన్‌కు. ముప్పై ఆరేళ్ళు ఈ ఏర్పాటుకు అలవాటుపడ్డాను కాబట్టి దీని మీద నాకు ఫిర్యాదు లేదు.

బ్లాస్టింగ్ అంటే బయటివాళ్ళకు ఒక్క చప్పుడు. మాకది రోజంతా పట్టే పని. తొమ్మిది మీటర్ల ఎత్తున్న రాతి మెట్టును మేము బెంచి అంటాం. బెంచి అంచు వెంట మూడు వరసల్లో నిలువునా రంధ్రాలు తొలుస్తారు. వాటిని హోల్స్ అంటాం. ఒక్కో హోల్ అడుగున బూస్టర్ అనే గట్టి పేలుడు దిమ్మ ఉంటుంది. దానికి డిటొనేటరు తగిలించి, డిటొనేటరు నుంచి ఒక సన్నటి ప్లాస్టిక్ ట్యూబును పైకి తెస్తారు. దిమ్మ మీద పేలుడు మందు నింపి, చివరి మూడు మీటర్లూ రాతి పొడితో దట్టిస్తారు. పైన ట్యూబులన్నీ ఒకదానికొకటి కలుపుతారు. మధ్యాహ్నం రెండింటికి దారుల్లో ఎర్రజెండాలు పెట్టి, సైరన్ మోగించి, ఐదు వందల మీటర్ల లోపల మనిషిగానీ గొడ్డుగానీ లేదని రూఢి చేసుకున్నాక బ్లాస్టరు పేలుస్తాడు.

ఆ శనివారం పేల్చింది సైదులు. సరిహద్దు అవతల తెలంగాణలో ఉన్న కోదాడ మనిషి, పదకొండేళ్ళుగా మా దగ్గర బ్లాస్టరు. పొగ, దుమ్ము తగ్గాక అతనూ నేనూ ఎక్కి చూశాం. మూడో వరస చివర రెండు హోల్స్ పేలలేదు. ముందు వరసల రాయి కదిలినప్పుడు వాటి ట్యూబులు తెగిపోయాయి. చుట్టూ రాయి పగిలి జారిపోయింది, ఆ రెండు హోల్స్ ఉన్న చోటు మాత్రం మనిషి పొడుగు దిబ్బలాగా నిలబడిపోయింది. దీన్ని మిస్‌ఫైర్ అంటారు. మా వృత్తిలో ఇంతకన్నా చెడ్డ మాట లేదు. అలాంటి హోల్‌ను తవ్వకూడదు, లాగకూడదు. కొలత ప్రకారం పక్కన మరో హోల్ తొలిచి, దాన్ని పేల్చి, ఆ పేలుడుతోనే పాతదాన్ని వదిలించాలి. పగటి వెలుతురులో తప్ప చేయకూడదు. డ్రిల్లింగ్ మిషనూ, దాని మనుషులూ, దారులు కాసేవాళ్ళూ కలిపి కనీసం పదిమంది కావాలి. సాధ్యమైనంతవరకూ మొదట పేల్చిన బ్లాస్టరే చేయాలి, ఎందుకంటే లోపల ఏది ఎంత పోశాడో అతనికే తెలుసు.

మర్నాడు ఆదివారం జనతా కర్ఫ్యూ. సోమవారం పొద్దున్నే తేల్చేద్దామని అనుకున్నాం. మిస్‌ఫైర్ రిజిస్టర్లో రాసి ఇద్దరం సంతకాలు పెట్టాం. సైదులు బైకెక్కి కోదాడ వెళ్ళిపోయాడు. నా భార్య ఆ ఉదయమే నందిగామలో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళింది, రెండు రోజుల్లో వస్తానని. ఇద్దరూ సోమవారం వస్తారన్న నమ్మకంతో నేను ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. ఆ తర్వాత నెల రోజులకు పైగా అలా నిద్రపోలేదు.

ఆదివారం సాయంత్రం లాక్‌డౌన్ అన్నారు. సోమవారం రాష్ట్ర సరిహద్దులో బారికేడ్లు పెట్టారు. సైదులు ఫోన్ చేసి, “ఇడ్సిపెడతలేరు సార్. పనికి పోవాలె అంటే లాఠీ లేపుతున్నరు,” అన్నాడు. మంగళవారం రాత్రికి దేశమంతా మూతపడింది. ఫ్యాక్టరీ ఆగింది. డ్రిల్లింగ్ వాళ్ళు ఎవరి దారిన వాళ్ళు పోయారు. మందు నిలవ ఉండే మేగజీన్ తాళాలు మేనేజరు గారి బీరువాలోకి వెళ్ళాయి. ఏ పనీ చేయకూడదని ఉత్తర్వు వచ్చింది. మిస్‌ఫైర్ సంగతి చెబితే ఆయన ఫోన్లో నిట్టూర్చి, “కాపలా పెట్టండి. తెరిచాక చూద్దాం. ఊళ్ళో మాత్రం తెలియనీయకండి, గోల చేస్తారు,” అన్నారు. సరే సార్ అన్నాను. ముప్పై ఆరేళ్ళలో ఆ మాట ఎన్ని వేల సార్లు అన్నానో.

నాకు పాసు ఇచ్చారు. రోజూ పొద్దున ఎనిమిదింటికి జగ్గయ్యపేట నుంచి బైకు మీద క్వారీకి వెళ్ళి, మధ్యాహ్నానికి తిరిగి వచ్చేవాణ్ణి. లారీల మోతకు అలవాటుపడిన హైవే మీద నా బండి చప్పుడు నాకే కొత్తగా వినిపించేది. మూడు చోట్ల ఆపేవారు. పాసు చూసే కానిస్టేబులు దాన్ని చేత్తో పట్టుకోడు, దూరం నుంచే చూపించమంటాడు. నేనూ అతను ముట్టకపోతే చాలనుకునేవాణ్ణి.

ఇంట్లో ఒక్కణ్ణే. వంట నాకు రాదు అనడం కంటే, నా వంట నేను తినగలిగేది కాదు అనడం నిజం. పొద్దున ఆరింటికి కూరగాయల కోసం మార్కెట్టు దగ్గర సున్నంతో గీసిన గడుల్లో నిలబడాలి. ముందువాడు తుమ్మితే గడి దాటి వెనక్కి జరిగేవాణ్ణి, నా వెనకవాడు నన్ను తిట్టేవాడు. తెచ్చిన వంకాయలు ఉప్పునీళ్ళలో వేసి, పాల ప్యాకెట్టు సబ్బుతో కడిగి, ఆ సబ్బును మళ్ళీ కడిగేవాణ్ణి. సాయంత్రం అయితే గొంతులో గరగర ఉన్నట్టు అనిపించేది. ముప్పై ఆరేళ్ళు రాతి దుమ్ము పీల్చిన గొంతులో గరగర లేకపోతే ఆశ్చర్యపడాలి గానీ, ఆ రోజుల్లో అంత బుద్ధి ఎవరికుంది? రోజుకు నాలుగుసార్లు అగరుబత్తి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవాణ్ణి. వాసన వస్తే ఒక గంట ధైర్యంగా ఉండేది.

ఆ భయం ఒకటైతే, క్వారీలో రెండోది. మందు తేమకు పాడైపోయి ఉంటుందిలే అని మనసు సర్దిచెప్పేది. మందు పాడైనా బూస్టరు పాడవదు, డిటొనేటరు అసలే పాడవదు అని చదువు గుర్తుచేసేది. గాలిలో ఉన్నది కనపడదు, నేలలో ఉన్నదీ కనపడదు. రెండింటి మధ్య తిరిగే మనిషికి తల పనిచేయడం కష్టం. ఇది సాకు చెప్పుకోవడం కాదు. తర్వాత నేను చేసిన పని ఏ స్థితిలో చేశానో చెబుతున్నాను.

పగలు కాపలాకు కోటయ్యను పెట్టాను. ఆ ఊరివాడే, కాంట్రాక్టు గార్డు, నలభై ఐదేళ్ళుంటాయి. అతని భార్య పద్మ రెండు గేదెల్ని పెట్టుకుని ఊళ్ళో వాడికగా పాలు పోస్తుంది. కోటయ్యకు హోల్స్ సంగతి చెప్పాను, ఇంట్లో కూడా చెప్పొద్దన్నాను. “అట్టాగే సార్,” అన్నాడు. అతను అనే మాటలు దాదాపు అన్నీ అవే.

మిస్‌ఫైర్ చుట్టూ కంచె కట్టి, ఎర్రజెండాలు పాతి, నేల మీద ముగ్గుపొడితో గుండ్రంగా గీత గీయడం మా దగ్గర ఆచారం. దూరానికి తెల్లగా కనపడాలని. స్టోరుకు తాళం పడింది, ముగ్గుపొడి లేదు. ఆఫీసు వరండాలో మాత్రం శానిటేషన్ కోసం పంపిన బ్లీచింగ్ పౌడర్ బస్తాలు ఉన్నాయి. తెలుపు తెలుపే కదా అని రెండు బస్తాలు తెప్పించి గీత పోయించాను. కోటయ్యకు కంపెనీ ఇచ్చిన మాస్కు, చేతి తొడుగులు, తెల్ల ఓవరాల్ ఇచ్చాను. అంటే ఏప్రిల్ మొదటి వారంలో దూరం నుంచి చూసేవాడికి కనపడేది ఇది: మనిషి పొడుగు దిబ్బ, చుట్టూ ఎర్రజెండాలు, ఘాటుగా బ్లీచింగ్ వాసన, పక్కన తెల్లబట్టల్లో ముఖం కప్పుకున్న మనిషి. నాకు మాత్రం నియమం ప్రకారం కాపలా పెట్టిన మిస్‌ఫైర్ కనపడింది. ఇంకోలా చూడొచ్చన్న ఆలోచనే రాలేదు.

దీనికి తోడు, లాక్‌డౌన్ మొదలైన రోజే మా గేటు దగ్గర ఆగిపోయిన ఒక లారీ డ్రైవరుకు జ్వరం వచ్చింది. అంబులెన్సు ఊరి మీదుగా వచ్చి అతన్ని ఎక్కించుకుని ఫ్యాక్టరీ వైపు గేటు నుంచి వెళ్ళిపోయింది. మామూలు జ్వరమే, నాలుగు రోజుల్లో తగ్గింది. కానీ అంబులెన్సు రావడం ఊరు చూసింది, పోవడం చూడలేదు.

మొదట ఈ మాట నాకు చెప్పింది మా ఆవిడ. నందిగామ నుంచి ఫోన్ చేసి, “ఏవండీ, మీ క్వారీలో కరోనా శవాన్ని పూడ్చారంట గదా? ఇక్కడ అందరి ఫోన్లలో తిరుగుతోంది,” అంది. ఎవరో దూరం నుంచి తీసిన ఫొటో కూడా పంపింది. కోటయ్య, దిబ్బ, జెండాలు. అలాంటిదేమీ లేదన్నాను. మరి ఆ జెండాలేమిటంది. ఆఫీసు సంగతులు నీకెందుకన్నాను. “మీరు అబద్ధం చెప్పేటప్పుడే ఆఫీసు సంగతులంటారు,” అని పెట్టేసింది. ముప్పై కిలోమీటర్లు లేని దూరంలో ఉన్న మనిషి నేను శవం పక్కన తిరుగుతున్నానని ఏడుస్తూ పడుకుందట. ఆ సంగతి నాకు మే నెలలో తెలిసింది.

ఇక్కడ ఒప్పుకోవలసింది ఒకటుంది. ఆ పుకారు విన్నప్పుడు నాకు కోపం రాలేదు. ఊపిరి పీల్చుకున్నాను. ఎందుకంటే అంతకు ముందు వారమంతా నాకు వేరే బెంగ. సైరన్ ఆగిపోయేసరికి క్వారీ ఖాళీ అని జనానికి అర్థమైంది. మేకలవాళ్ళు లోపలికి తోలుతున్నారు. పోలీసు డ్రోను కంట పడకుండా ఉంటుందని పేకాటవాళ్ళు బెంచి నీడకు చేరుతున్నారు. కోటయ్య ఒక్కడు ఎంతమందిని తోలగలడు? పుకారు పుట్టిన మర్నాటి నుంచి ఒక్క మేక రాలేదు. పేకముక్కలు కూడా అక్కడే వదిలేసి పోయారు. పదిమంది గార్డులు చేయలేని పని ఒక్క అబద్ధం చేసింది. పోనీలే, తెరిచేదాకా ఇదే కాపలా కాస్తుందనుకున్నాను.

రెండు రోజులకు వెంకట్రామయ్య ఫోన్ చేశారు. ఆ ఊళ్ళో పెద్దరైతు, ఒకసారి పంచాయతీ మెంబరు. బ్లాస్టింగ్‌కు ఇంటిగోడ నెర్రెలిచ్చిందని నాతో ఎన్నోసార్లు పోట్లాడి, ప్రతిసారీ టీ తాగించి పంపిన మనిషి. “ఫోర్‌మన్ గారూ, ఒక్కమాట చెప్పండి. మా ఊరి నెత్తిన ఏం పెట్టారు మీరు?” అని సూటిగా అడిగారు. అప్పుడైనా చెప్పవలసింది. మేనేజరు మాట గుర్తొచ్చింది. నవ్వి, “ఏమైతే మీకెందుకండీ. ఎవర్నీ దాని దగ్గరికి రానీయకండి, అంతే,” అన్నాను. ఆయన ఫోన్ పెట్టేశారు. దాన్ని నేను సమ్మతి అనుకున్నాను.

ఆ తర్వాత ఒక ఉదయం నేను వెళ్ళేసరికి కోటయ్య బండి దగ్గరికి నడిచి వచ్చాడు. ఆరడుగుల దూరంలో ఆగాడు.

“సార్, పద్మ దగ్గర పాలు పోయించుకోవట్లేదు ఊళ్ళో. నాలుగు రోజులైంది. పొద్దున పితికిన పాలు కాలవలో పోసింది.”

ఎందుకని అడిగాను, తెలిసీ.

“శవం కాడ తిరిగొస్తానంట గదా నేను. పంపు దగ్గర బిందె కూడా పెట్టనీయట్లా. మా తమ్ముడే తలుపేసుకుంటున్నాడండి.” కొంచెం ఆగి, “మీరొక్కసారి ఊళ్ళోకొచ్చి అదేందో చెప్పండి సార్. మీరు చెప్తే నమ్ముతారు,” అన్నాడు.

కోటయ్య నన్ను అడిగింది అదొక్కటే, అన్ని సంవత్సరాల్లో. రెండు రోజులు ఓపిక పట్టు, పర్మిషన్ వస్తోంది అన్నాను. పర్మిషన్ రావడం లేదని నాకు తెలుసు. రెండు జిల్లాల అధికారులు సంతకం పెడితే గానీ సైదులు రాలేడు, ఆ కాగితం ఇంకా కదలనే లేదు. “అట్టాగే సార్,” అని అతను మళ్ళీ దిబ్బ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ఆ రెండు రోజులు ఆరు రోజులయ్యాయి.

ఏప్రిల్ రెండో వారంలో ఊళ్ళో ఒక ముసలామెకు జ్వరం, ఆయాసం వచ్చాయి. పరీక్షకు పంపారు, ఫలితం ఇంకా రాలేదు. ఆ ఉదయం పది గంటలకు నేను ఆఫీసు దగ్గర ఉండగా కోటయ్య ఫోన్ చేశాడు. “సార్, ట్రాక్టరు నిండా పత్తికట్టె వేసుకొస్తున్నారు. కిరసనాయిలు డబ్బాలున్నయ్యి. మన దిబ్బను తగలబెడతారంట.”

ట్యూబుల కొసలు పైకే ఉన్నాయి. తెగిన ట్యూబుకు మంట తగిలితే పేలుతుందని ఖచ్చితంగా చెప్పలేం, పేలదని అంతకన్నా చెప్పలేం. తొమ్మిది మీటర్ల లోతు హోల్స్, రెండు. చుట్టూ రాయి పోయింది కాబట్టి పేలితే ముక్కలు ఎటు ఎగురుతాయో దేవుడికి తెలియాలి. బండి ఎక్కి బెంచి మీదికి వెళ్ళేసరికి ముప్పైమంది దాకా ఉన్నారు. తువ్వాళ్ళు ముక్కులకు చుట్టుకుని, కళ్ళు మాత్రం కనపడుతున్నాయి. ఆ కళ్ళు నాకు ఇరవై ఏళ్ళుగా తెలిసినవే, కానీ ఆ రోజు వాటిలో ఉన్నది పగ కాదు, ప్రాణభయం. పగపట్టిన వాడితో మాట్లాడొచ్చు.

ట్రాక్టరుకు అడ్డం నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. శవం లేదు, పేలుడు మందు ఉంది, రెండు హోల్స్ పేలకుండా మిగిలాయి, మంట పెడితే అందరం పోతాం అన్నాను. రిజిస్టరు ఆఫీసులో ఉంది, చూపిస్తానన్నాను.

వెంకట్రామయ్య ముందుకొచ్చారు. “మందే అయితే ఆనాడు నేనడిగినప్పుడు ఎందుకు చెప్పలా? నవ్వారు గదండీ మీరు. దగ్గరికి రానీయకండి అన్నారా లేదా?” అన్నారు. అన్నానన్నాను. “ఇప్పుడు శవం తగలబడి గుట్టు బయటపడుద్దని కథలు చెప్తున్నారు. ఊళ్ళో ముసల్దానికి ఊపిరాడట్లేదు. ఈ గాలి మా మీదికే గదా వచ్చేది!”

పద్దెనిమిది రోజులు నిజాన్ని దాచిపెట్టినవాడు పంతొమ్మిదో రోజు నిజం చెబితే ఎవరు నమ్ముతారు? వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ నమ్మను. నన్ను ఒకతను భుజం పట్టి పక్కకు నెట్టాడు. అంతవరకూ ఎవరూ ఎవర్నీ ముట్టుకోని రోజులవి. కట్టె మోపులు కంచె మీదుగా దిబ్బ మీద పడ్డాయి. కిరసనాయిలు చల్లి ఎవరో అగ్గిపుల్ల గీశారు. ఎండకు పెళపెళలాడుతున్న పత్తికట్టె ఒక్క నిమిషంలో అంటుకుంది.

బ్లాస్టింగ్ చోట ఎవరూ పరుగెత్తకూడదన్నది మేము కొత్తవాళ్ళకు నేర్పే మొదటి పాఠం. నడవాలి. పరుగెత్తినవాడు పడతాడు, పడినవాణ్ణి చూసి పదిమంది కంగారుపడతారు. ఆ పాఠం కొన్ని వందలమందికి చెప్పిన నేను వెనక్కి తిరిగి పరుగెత్తాను. పథకం వేసి కాదు, జనాన్ని నమ్మించాలని కాదు. చచ్చిపోతానని భయమేసి పరుగెత్తాను. చెప్పు ఒకటి ఊడిపోయింది. “పారిపోండి, పారిపోండి” అని నా గొంతు అరుస్తుంటే ఎవరిదో గొంతులా వినిపించింది. అరవయ్యేళ్ళ ఆఫీసరు ఒంటి చెప్పుతో రాళ్ళ మీద పడుతూ లేస్తూ పరుగెత్తడం చూసి, నా మాట నమ్మనివాళ్ళు నా కాళ్ళను నమ్మారు. ట్రాక్టరు వదిలేసి ముప్పైమందీ నా వెనక వచ్చారు. వెంకట్రామయ్య పంచె ఎగగట్టి నన్ను దాటిపోయారు.

రాళ్ళగుట్ట చాటుకు చేరి వెనక్కి చూశాను. మంట పక్కన తెల్ల ఓవరాల్ ఒకటి కదులుతోంది. కోటయ్య రాలేదు. జెండా కర్రతో మండుతున్న కట్టెను లాగి పడేస్తున్నాడు. కర్ర అంటుకుంటే పారేసి చేతులతో లాగుతున్నాడు. రమ్మని అరిచాను. వినపడనంత దూరం కాదు. నియమం ప్రకారం నేను చేసింది సరైనదే, ఎవరూ అక్కడ ఉండకూడదు, అతనూ ఉండకూడదు. నియమం సరిగ్గా పాటించి, గుట్ట చాటున కూర్చుని, ఒక మనిషి చచ్చిపోతాడేమోనని పావుగంట సేపు చూశాను. పక్కన వెంకట్రామయ్య, “నిజంగానే మందా?” అని అడిగారు. తల ఊపాను.

పేలలేదు. కోటయ్య మంటను దిబ్బ మీద నుంచి పూర్తిగా లాగేశాక, వరండాలోంచి తెచ్చుకున్న తాగేనీళ్ళ డబ్బా దాని మీద కుమ్మరించి, నింపాదిగా నడిచి వచ్చాడు. మోచేతుల దాకా కాలిపోయాయి. చేతి తొడుగులు చర్మానికి అంటుకుపోయాయి. అంతమందిలో ఒక్కరూ అతని దగ్గరికి వెళ్ళలేదు, ఇంకా దూరం దూరంగానే ఉన్నారు. నా బైకు మీద ఎక్కించుకుని జగ్గయ్యపేట ఆసుపత్రికి తీసుకెళ్ళాను. నన్ను నెట్టిన ఆ చెయ్యి కాక, మూడు వారాల తర్వాత ఒక మనిషి శరీరం నాకు తగలడం అదే మొదలు. దారిలో ఎందుకలా చేశావని కోప్పడ్డాను. “కాపలా నాది గదా సార్,” అన్నాడు.

ఆ సాయంత్రమే మేనేజరు గారికి చెప్పకుండా పంచాయతీ ఆఫీసుకు వెళ్ళి మైకులో జరిగిందంతా చెప్పాను. హోల్స్ అంటే ఏమిటో, ముగ్గు బదులు బ్లీచింగ్ ఎందుకు పోశామో, డ్రైవరు ఎక్కడున్నాడో, నేను ఎందుకు దాచానో. మేనేజరు గారు తర్వాత మెమో ఇచ్చారు. తీసుకున్నాను. ముసలామెకు కరోనా లేదని రెండు రోజులకు తెలిసింది.

ఏప్రిల్ నెలాఖరులో సడలింపులు వచ్చాక సైదులు రెండు పాసులతో వచ్చాడు. దిబ్బ దగ్గర కూర్చుని చూసి, నన్ను పిలిచి, వేలు పెట్టి చూపించాడు. ఒక ట్యూబు కొస కరిగి రాతి పొడి దట్టింపులోకి కుంచించుకుపోయింది. పక్కన హోల్ తొలిచి, ఆ ఊరి పెద్దల్ని ఐదు వందల మీటర్ల అవతల నిలబెట్టి, మధ్యాహ్నం రెండింటికి పేల్చాడు. పాత హోల్స్ రెండూ దాంతో పేలాయి. ఆ చప్పుడు ఒక హోల్‌ది కాదని మాకు తెలుసు.

పద్మ వాడికలు మళ్ళీ కుదరలేదు. అందరూ శవం లేదని ఒప్పుకున్నారు, అయినా ఒకసారి వేరేచోట అలవాటైన పాలు మార్చుకోలేదు. అక్టోబరులో గేదెల్ని అమ్మేశారు. కోటయ్య కుడిచెయ్యి పిడికిలి పూర్తిగా ముడవదు. ఇప్పుడు గార్డు పనిలో లేడు.

ఆగస్టులో నా స్థానంలోకి వచ్చిన కుర్ర ఫోర్‌మన్‌కు బాధ్యతలు అప్పగిస్తూ రిజిస్టర్లన్నీ చూపించాను. మిస్‌ఫైర్ అయితే మొదట ఏం చేయాలి సార్ అని అడిగాడు. పుస్తకంలో ఉన్నదంతా చెప్పి, ఆ సాయంత్రంలోగా పక్క ఊళ్ళోకి వెళ్ళి, అక్కడ ఏముందో దాని పేరుతో నీ నోటితో చెప్పమన్నాను. మేనేజరు వద్దంటే అన్నాడు. వద్దన్నా చెప్పమన్నాను. చెబితే గోల చేస్తారు కదా సార్ అన్నాడు. చేస్తారు, ఆ గోల నీ మీద పడుతుంది, చెప్పకపోతే నీ గార్డు మీద పడుతుంది అన్నాను.